కాశీనగరం అత్త, కుటుంబ గ్రూపు, కొన్ని పాత ఉత్తరాలు

మొన్న వైశాఖంలో మా మేనత్త ఒరిస్సాలో, ఆంధ్రా సరిహద్దు దగ్గరి కాశీనగరంలో కన్నుమూసింది. బరంపురంలో ఉన్న నాకు ఆ కబురు తెల్లవారుజామున మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో అందింది. ఆవిడ పెద్ద కొడుకు రెండు వాక్యాలు రాసి, కింద ఒక పాత ఫోటో పెట్టాడు. నేను కళ్ళజోడు వెతుక్కుని చదివేలోపే చేతులు జోడించిన బొమ్మలు దాని కింద వరుస కట్టాయి. హైదరాబాదు నుంచి, ఖరగ్‌పూర్ నుంచి, మస్కట్ నుంచి, ఏడాది పొడుగునా ఉలుకూ పలుకూ లేని దూరపు చుట్టాల నుంచి కూడా "ఓం శాంతి" వచ్చింది. రోజూ ఠంచనుగా సూర్యోదయానికి ముందే గులాబీ పువ్వుల శుభోదయం పంపే ఒక బాబాయి, పైన ఏముందో చూడకుండా ఆ రోజు కూడా పంపేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి ఆయనే దాన్ని తీసేసి, తానూ చేతులు జోడించాడు.

మధ్యాహ్నానికల్లా పరామర్శ పూర్తయిపోయింది. పదో రోజున నేను కాశీనగరం వెళ్ళేసరికి వచ్చినవాళ్ళందరూ చాపల మీద కూర్చుని ఉన్నారు గాని, అత్త కొడుకుతో మాట ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తోచడం లేదు. చెప్పవలసిన మాటలన్నీ మొదటి రోజే ఫోనులో చెప్పేశారు. ఎలా పోయింది, ఎప్పుడు పోయింది, దగ్గర ఎవరున్నారు అన్న ప్రశ్నలకు ఆ కుర్రవాడు గ్రూపులో ఒకేసారి జవాబు రాసి ఉన్నాడు. పూర్వం ఆ ప్రశ్నలే వచ్చిన ప్రతివారూ కొత్తగా అడిగేవారు, ఇంటివాళ్ళు ప్రతివారికీ మొదటి నుంచి చెప్పేవారు, చెప్పి చెప్పి పదో రోజుకు కొంత తేలికపడేవారు. ఆ సాయంత్రం చాప మీద కూర్చుని, మా ప్రాంతంలో కబురన్నది ఎన్ని చేతులు మారి మనిషిని చేరేదో ఒక్కొక్కటిగా గుర్తుచేసుకున్నాను. ఆ చేతుల్లో కొన్నాళ్ళు నావి కూడా ఉండేవి.

పసుపు రాసిన కార్డు, చింపేసిన కార్డు

పర్లాకిమిడిలో మా తాతగారింటి వసారాలో ఉత్తరాలు గుచ్చే ఇనుప తీగ ఒకటి వేలాడుతుండేది. అడుగున గుండ్రని చెక్క బిళ్ళ, పైన కొక్కెం, మధ్యలో కార్డులూ, నీలిరంగు ఇన్‌లాండ్ కవర్లూ, కరెంటు రసీదులూ. అన్ని ఉత్తరాలకూ ఆ తీగ మీద చోటు ఉండేది కాదు. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు వస్తే మామ్మ చదవకముందే కళ్ళకద్దుకుని దేవుడి గూట్లో పెట్టేది. నెత్తిన "అశుభం" అని రాసిన కార్డు వస్తే దాన్ని గడప దాటనిచ్చేవారు కారు. తాతయ్య వీధిలోనే నిలబడి చదివి, అక్కడే చింపేసి, నూతి దగ్గరకు స్నానానికి వెళ్ళేవారు. మా పోస్టుమాన్ ఒడియా మనిషే అయినా తెలుగు అక్షరాలు గుర్తుపట్టేవాడు. అలాంటి కార్డు ఉన్నరోజు గంట కొట్టకుండా సైకిలు గోడకు ఆనించి, తాతయ్య బయటికి వచ్చేవరకు ఆగేవాడు. కబురు ఎలాంటిదో దాని వాలకాన్ని బట్టి ముందే తెలిసిపోయేది. ఇప్పుడు ఫోనులో చావు కబురుకీ, గ్యాసు బండ బుకింగుకీ ఒకటే టింగుమనే చప్పుడు.

టెలిగ్రామంటే మాత్రం మా వీధికి ఒకటే అర్థం. సైకిలు మీద తంతి మనిషి కనిపిస్తే కవరు విప్పకముందే ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టేవారు. మా చిన్నాన్నకు ఉద్యోగం వచ్చిందన్న తంతి కూడా అలా ఏడుపుల మధ్యనే విప్పారని ఇంట్లో ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వేవారు. పెళ్ళిళ్ళకూ పండగలకూ శుభాకాంక్షల తంతులు వేరే ఉండేవి. తపాలా శాఖవారు అచ్చేసిన వాక్యాల పట్టీ ఒకటి ఉండేది, ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క అంకె. మనం అంకె చెబితే చాలు, అవతల ఆ వాక్యం అచ్చయి అందేది. తయారుగా ఉన్న బొమ్మనూ, ఎవరో రాసిన వాక్యాన్నీ పంపించి శుభాకాంక్షలు చెప్పామనిపించుకోవడం ఈ కాలపు పిల్లలు కనిపెట్టింది కాదని వాళ్ళను కోప్పడే పెద్దలకు గుర్తుచేయాలనిపిస్తుంది. ఆ తంతి వ్యవస్థ 2013 జూలై నడుమ ఆగిపోయింది. ఆఖరి రోజున జ్ఞాపకార్థం తంతులు ఇవ్వడానికి పెద్ద ఊళ్ళలో జనం వరుసలు కట్టారని పేపర్లో చదివాను. మా ఊరిలో దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

అరుగు మీద నా కొలువు

మా వీధిలో తెలుగు మాట్లాడనివారు తక్కువ, తెలుగు చదవగలిగినవారు ఇంకా తక్కువ. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. తరవాతి తరాల పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా నేర్చుకున్నారు. ఇంట్లో తెలుగు నోటి మాటగా మాత్రం మిగిలింది. నాకు తాతయ్య సాయంత్రాలు పలక మీద తెలుగు దిద్దించినందువల్ల, ఎనిమిదో తొమ్మిదో ఏటికల్లా వీధికి ఉత్తరాలు చదివిపెట్టే కొలువు నాకు దక్కింది. అప్పట్లో మా వీధి మగవాళ్ళు సగంమంది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులోనో, విశాఖపట్నంలోనో, భిలాయిలోనో ఉండేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద ఆడవాళ్ళు చేరేవారు. ఒకరి ఉత్తరాన్ని పదిమంది వినేవారు. మొగుడు పెళ్ళానికి రాసిన ఉత్తరం వీధి మొత్తం వినడంలో ఎవరికీ ఎబ్బెట్టు తోచేది కాదు. రాసినవాడికి కూడా అది తెలుసు కాబట్టి అందుకు తగ్గట్టే రాసేవాడు.

చదవడం సులువు. రాయడమే కష్టం. మా పక్కింటి అప్ప నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఖరగ్‌పూర్‌లో ఉన్న పెనిమిటికి ఉత్తరం చెప్పేది. "ఎల్లినకాడి నుంచీ మనిషి జాడ నేదు, పైస నేదు. గుంటకి జొరమొస్తే నానేటి సెయ్యాల? ఆడికేటి, ఆడు బాగానే ఉంటాడు." నేను కలం తీసుకుని, తాతయ్య నేర్పిన మర్యాద తప్పకుండా, "మీరు వెళ్ళినది మొదలు క్షేమ సమాచారములు తెలియక మిక్కిలి ఆందోళనగా నున్నది. చిరంజీవి అమ్మాయికి జ్వరము వచ్చి తగ్గినది. వీలు చూసుకొని పైకము పంపగలరు" అని రాసేదాన్ని. తిరిగి చదివి వినిపిస్తే అప్ప ఎంతో తృప్తిగా తల ఊపి, "బాగా రాసినావమ్మా, నానన్నట్టే ఉంది" అనేది. అటునుంచి వచ్చే జవాబు కూడా ఆ మనిషి సొంత దస్తూరీ కాదు. అక్కడ షెడ్డులో ఎవరో గుమస్తా రాసిపెట్టేవాడట. ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉండేవి, ప్రతి ఉత్తరమూ "ఉభయకుశలోపరి" అనే మొదలయ్యేది. ఆ దంపతుల పేరు మీద నేనూ, ముఖం కూడా తెలియని ఆ ఖరగ్‌పూర్ గుమస్తా కొన్నేళ్ళు ఉత్తర ప్రత్యుత్తరాలు జరుపుకున్నాం.

ఈ సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా గిడుగు రామమూర్తిగారు కూడా గుర్తుకొస్తారు. ఆయన మా ఊళ్ళోనే రాజావారి విద్యాలయంలో పాఠాలు చెప్పారు, కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు, జనం మాట్లాడే తెలుగునే రాయాలని జీవితమంతా పోరాడారు. ఆయన నడిచిన వీధులకు నాలుగడుగుల దూరంలో, అన్నేళ్ళ తరవాత, అప్ప మాటలకు నేను "నున్నది" తగిలిస్తూ కూర్చున్నాను. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమంటూ మా గ్రూపు నిండా ఆయన ఫోటోలే వస్తాయి. కింద శుభాకాంక్షలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, ఎందుకంటే పంపినవాళ్ళలో ఎక్కువమందికి తెలుగు లిపి రాదు. దీనికి నవ్వేవాళ్ళున్నారు, బాధపడేవాళ్ళున్నారు. రామమూర్తిగారైతే ముందు ఆ వాక్యం జనం మాట్లాడేలా ఉందా లేదా అని చూసి ఉండేవారని నా నమ్మకం.

చిరునామా మీది మూడు పొడి అక్షరాలు

ఉత్తరాల కాలం మర్యాదలు తెలిసిన కాలమని చెప్పేవారు ఒక విషయం మరిచిపోతారు. పెద్దలకు "మహారాజశ్రీ", ముత్తయిదువులకు "చి.ల.సౌ." అన్నట్టే, భర్త పోయినవారి పేరుకు ముందు "గం.భా.స." అని రాసేవారు. గంగాభాగీరథీ సమానురాలని గౌరవించడమే అది అనేవారు పెద్దలు. మా కాశీనగరం అత్తకు చిన్నవయసులోనే భర్త పోయాడు. ఆ తరవాత ఆవిడకు వచ్చిన ప్రతి కార్డు మీదా, ఆవిడ ఎవరో తెలియని పోస్టుమాన్‌కు కూడా తెలిసేటట్టు, ఆ పొడి అక్షరాలుండేవి. పంపినవారు ఆవిడ సొంత అన్నదమ్ములే. అత్త ఆ కార్డులు అందుకుని ఏమీ అనేది కాదు గాని, మేము సెలవులకు వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు పిల్లలందరినీ కూర్చోబెట్టి, "మీరు రాస్తే పేరు ఒక్కటే రాయండి, చాలు" అని చెప్పేది. పేరుకు ముందు ఏమీ లేకుండా రాయడం మా నాన్నకు తప్పుగా తోచేది. నేను అలాగే రాశాను, తాతయ్య చేత చీవాట్లు తిన్నాను, మళ్ళీ అలాగే రాశాను.

గ్రూపులో అత్త పేరు పక్కన ఏమీ ఉండేది కాదు. గుండ్రని చోట జగన్నాథస్వామి కళ్ళ బొమ్మ ఒకటి ఉండేది, అంతే. నేటి మాధ్యమాల మీద నాకున్న ఫిర్యాదులు తక్కువేమీ కాదు, కాని ఈ ఒక్క విషయంలో వాటికి నేను ఋణపడి ఉన్నాను.

పదకొండు మందికి రాయండి

అరుగు కొలువులో నాకు అసలు నచ్చని పని ఇంకొకటి ఉండేది. అప్పుడప్పుడూ ఊరూ పేరూ లేని పోస్టుకార్డు వచ్చేది. ఫలానా గుడిలో సర్పం మనిషిలా మాట్లాడిందనీ, ఈ వార్తను ఇంకో పదకొండు మందికి రాస్తే శుభం కలుగుతుందనీ, నిర్లక్ష్యం చేసినవాడికి వ్యాపారం దెబ్బతిన్నదనీ అందులో ఉండేది. అది అందుకున్న ఇల్లాలు గుండెలు పట్టుకుని నా దగ్గరకు పరిగెత్తుకొచ్చేది. నేను చెయ్యి నొప్పెట్టేలా పదకొండు కార్డులూ రాసిపెట్టేదాన్ని. పదకొండు కార్డుల ఖర్చు ఆ ఇంట్లో ఒక పూట కూరకు సరిపోయే డబ్బు. ఆ ఖర్చు వల్లా, నా చేతి నొప్పి వల్లా ఆ వదంతి నెమ్మదిగా నడిచేది, సగం దారిలోనే అలిసిపోయేది కూడా.

వాట్సాప్‌లో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకార్లు దేశంలో ప్రాణాలు తీసిన తరవాత, 2018లో ఆ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. మరుసటి ఏడాది దాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. కరోనా మొదలైన 2020లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశమైతే ఒకసారికి ఒక్క చోటికే పంపనిస్తామంది. నా చేతి నొప్పి చేసిన పనిని ఇప్పుడు యంత్రం చేత చేయిస్తున్నారన్నమాట. అయితే అది పూర్తిగా చేయలేకపోతోందన్న సంగతి మా గ్రూపు చూస్తేనే తెలుస్తుంది.

చిన్న రైలు, గాజు గది

కార్డు రాసేంత పెద్ద సంగతి కాకపోతే మనుషులతో కబురంపేవాళ్ళం. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న పట్టాల రైలుమార్గం మా రోజులకు గుణుపురం దాకా ఉండేది. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం. మా చుట్టాలందరూ ఆ పట్టాల వెంబడే ఉండేవారు. రైలు ఎంత నెమ్మదిగా వెళ్ళేదంటే స్టేషనులో చెప్పడం మరిచిన మాటను పక్కన నడుస్తూ పూర్తిచేయవచ్చు. ముఖం తెలిసిన మనిషి కిటికీలో కనిపిస్తే చాలు, "కాశీనగరంలో దిగితే మా అత్తతో చెప్పండి, వచ్చే గురువారం అమ్మ వస్తోందని" అని అప్పగించేవాళ్ళం. ఆ కబురు తప్పకుండా చేరేది. దారిలో కొంచెం పెరిగి చేరేది కూడా. ఒకసారి అమ్మ వస్తోందన్న మాట అక్కడికి చేరేసరికి అమ్మకు ఒంట్లో బాగాలేదని మారి, అత్త మరుసటి బండికే పళ్ళతో దిగింది. ఆ చిన్న రైలును 2004లో ఆపేశారు. 2011లో అదే దారిలో పెద్ద రైలు వచ్చింది. దానిలో మనుషులు వేగంగానే వెళ్తున్నారు, ఎవరి ఫోనులోకి వాళ్ళు చూసుకుంటూ.

ఎస్.టి.డి. బూతుల కాలం గురించి ఎక్కువ చెప్పను. అందరి జ్ఞాపకాల్లోనూ అది ఒకేలా ఉంటుంది. బస్టాండు ఎదుట గాజు గది, ఎర్రగా తిరిగే అంకెలు, ఆ అంకెల మీద చూపు పెట్టి మాటలు మింగేసే మనుషులు, రాత్రి పదకొండు దాటాక పావు రేటుకని వరుసలో నిలబడి ఆవులించడం. మా ఊరికి ప్రత్యేకమైనది ఒక్కటుంది. బూతు యజమాని నంబరునే వీధి సగం తమ నంబరుగా ఇచ్చుకునేది, శుభలేఖల్లో కూడా "పి.పి." అని అచ్చువేయించుకునేవారు. అవతలివారు ఫోను చేసి "పది నిమిషాల్లో మళ్ళీ చేస్తాం, పిలిపించండి" అంటే ఆయన కుర్రాణ్ణి పంపేవాడు. మనిషి దొరకకపోతే కబురు ఆయనే విని, సాయంత్రం షట్టరు దించి ఇంటికి వెళ్తూ దారిలో చెప్పేవాడు. పరీక్ష తప్పిన సంగతి పిల్లవాడికి ఎలా చెప్పాలో, సంబంధం తప్పిపోయిన సంగతి తల్లికి ఎలా చెప్పాలో ఆయనకు తెలిసినంత బాగా నాకు తెలిసిన ఏ ఉపాధ్యాయుడికీ తెలియదు. ఆ చోట ఇప్పుడు ఫోనులకు గాజు అద్దాలు అతికించే కొట్టు ఉంది.

డాబా మీద ఆంధ్రా

సెల్‌ఫోన్లు వచ్చాక మా ఊరికి కొత్త సరిహద్దు తెలిసివచ్చింది. మహేంద్రతనయ ఏరు దాటి పాతపట్నం వెళ్తే ఫోను ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం పలికి, రోమింగ్ కింద డబ్బు కోసేది. అందుకని సగంమంది జేబులో రెండు సిమ్ములు, ఒకటి ఒరిస్సాది, ఒకటి ఆంధ్రాది, పెట్టుకు తిరిగేవారు. కొన్ని ఇళ్ళలో వంటగదిలో ఒరిస్సా సిగ్నలు, డాబా మీద దక్షిణపు మూలన ఆంధ్రా సిగ్నలు అందేవి. సాయంత్రమైతే కూతుళ్ళతో మాట్లాడడానికి అమ్మలందరూ ఆ మూలకు చేరేవారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి రోమింగ్ రుసుము లేదన్నాక ఆ మూల ఖాళీ అయింది. ఆ తరవాతే మా కుటుంబ గ్రూపు పుట్టింది. ఇంటిపేరుతో మొదలై, వియ్యంకులు చేరి, వియ్యంకుల వియ్యంకులు చేరి, చివరికి అందులో ఎవరు ఎవరికి ఏమవుతారో వివరంగా చెప్పగలిగిన మనిషి అత్త ఒక్కతే ఉండేది.

ఆ గ్రూపులో తెలుగు మూడు వేషాల్లో తిరుగుతుంది. మా తరంవాళ్ళం తెలుగు అక్షరాల్లో రాస్తాం. హైదరాబాదు పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. గుణుపురం, రాయగడ పిల్లలు కొందరు శుభ్రమైన ఒడియా లిపిలో మా తెలుగు రాస్తారు. చూస్తే ఒడియా, పైకి చదివితే మా మామ్మ మాట. ఒకరు రాసింది ఇంకొకరు చదవలేక కొన్నాళ్ళు గ్రూపు బొమ్మలతోనే గడిపింది.

తిత్లీ

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. దసరా రోజులవి. ఉద్దానం కొబ్బరితోటలు కూలిన సంగతి, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషులు పోయిన సంగతి టీవీలో చూస్తూ ఉన్నాం గాని, కాశీనగరం నుంచి మాత్రం ఏ కబురూ లేదు. కరెంటు లేదు, టవర్లు పనిచేయలేదు. అత్తకు పంపిన ప్రతి సందేశం పక్కనా ఒకే బూడిద గీత నిలిచిపోయింది. అత్త గురించి ఏమీ తెలియకపోయినా, గ్రూపులో కబుర్లకు కరువు లేదు. వంశధార గట్టు తెగిందని ఒకరు, ఊరు మొత్తం ఖాళీ చేయించారని ఇంకొకరు, ఎక్కడిదో ఎప్పటిదో తెలియని వరద వీడియో ఒకటి. ఒరిస్సాలో ఎన్నడూ కాలు పెట్టని అల్లుడుగారు దాన్ని కాశీనగరమని ఖాయం చేశారు.

కొన్ని రోజులకు అటునుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒకతను మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, చొక్కా జేబులోంచి మడతపెట్టిన క్యాలెండరు కాగితం తీసి ఇచ్చాడు. వెనకవైపు అత్త దస్తూరీ: "అందరం క్షేమం. వసారా రేకులు ఎగిరిపోయాయి. మునగచెట్టు పడింది. బియ్యం ఉన్నాయి. కంగారుపడి ఎవరూ బయలుదేరవద్దు, దారులు బాగాలేవు. ఈ అబ్బాయికి భోజనం పెట్టి పంపండి." ఆ డ్రైవరుకు అన్నం వడ్డించి, కాగితాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. అరనిమిషంలో రాయగడ నుంచి మేనల్లుడి ప్రశ్న వచ్చింది, ఒడియా అక్షరాల్లో: "అత్తా, నాకు చదవడం రాదు, ఏం రాసిందో చెప్పవా?" అప్పుడు నేను మైకు బొమ్మ నొక్కి పట్టుకుని, చిన్నప్పుడు అరుగు మీద చదివినట్టే, గ్రూపంతటికీ అత్త ఉత్తరం చదివి వినిపించాను. ఈసారి ఒక్క ముక్క కూడా మార్చలేదు.

అత్త గొంతు

గ్రూపులో గొంతు పంపవచ్చన్న సంగతి అత్తకు బాగా తెలిసింది కరోనా రోజుల్లోనే. అప్పటివరకు ఆవిడ తెలుగులో రాసేది, మనవలు చదవలేక బొటనవేలి బొమ్మ పెట్టేవారు. లాక్‌డౌన్‌లో ఎవరూ రావడానికి లేక, పక్కింటి గుంటడు మైకు నొక్కడం నేర్పించాక, ఇక ఆపినవారు లేరు. వంకాయ ధర దగ్గర మొదలై, వీధిలో ఎవరికి జలుబు చేసింది, పెద్ద మనవడు ఎందుకు చిక్కిపోయాడు, చల్లలో ఏం కలుపుకోవాలి అన్న దాకా ఒక్కొక్క సందేశం అన్నం ఉడికేంతసేపు సాగేది. మధ్యలో కోడి అరుపు, కుక్కరు ఈల, "ఎవలే అది?" అని గుమ్మం వైపు కేక. దాచుకోవడం, సరిదిద్దడం ఏమీ లేవు. మనవలు కూడా గొంతుతోనే జవాబిచ్చారు. క్రియాపదం తెలుగు, నామం ఒడియా, నడుమ ఇంగ్లీషు. అత్తకు అంతా అర్థమయ్యేది. ఉత్తరాల్లో ఎప్పుడూ కనిపించని మా ఇంటి యాస, "ఒచ్చీసినాను", "బేగి తినీ", గ్రూపులో మొదటిసారి ఊళ్ళు దాటి వెళ్ళింది. వాళ్ళ నోళ్ళలో తెలుగు నిలిస్తే అందులో బడి వాటా కన్నా ఈ మైకు వాటాయే ఎక్కువ ఉంటుందని నా లెక్క.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒకసారి అత్త ఒక కోడలి మీద కోపంలో అన్న మాట అన్నట్టుగానే గ్రూపంతటికీ చేరిపోయింది. బూతు యజమాని గాని, రైలు కిటికీలోని మనిషి గాని, అరుగు మీద నేను గాని ఉంటే ఆ మాట నాలుగు మెత్తని ముక్కలుగా మారి చేరేది. నేరుగా చేరినందుకు ఆ రెండిళ్ళ మధ్య ఏడాదిపాటు మాటల్లేవు. కొందరు ఉత్తరాలైతే నిలిచేవి, ఫోనులో మాటలు నిలవవు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. తాతగారి తీగ మీది ఉత్తరాల్లో సగానికి పైగా చెదలు తిన్నాయి, మిగిలినవి ఇల్లు అమ్మేటప్పుడు ఎవరు తీసుకున్నారో తెలియదు. కోడలిని అత్త అన్న మాట మాత్రం ఆ కోడలి ఫోనులో ఈనాటికీ భద్రంగా ఉంది.

ఫోనులో అక్షింతలు

కొన్ని పనులు ఇంకా ఫోనుకు లొంగలేదు. మా వైపు పెళ్ళి పిలుపంటే ఇంటికి వచ్చి, ఆడవారికి బొట్టు పెట్టి, మగవారి చేతిలో తాంబూలమూ శుభలేఖా పెట్టి, "తప్పకుండా రావాలి" అనడం. పోయిన మాఘంలో పాతపట్నంలో మా బంధువుల పెళ్ళయింది. పిల్ల తండ్రి ఉద్యోగపు హడావిడిలో శుభలేఖను పాటతో సహా వీడియో చేయించి గ్రూపులో పెట్టాడు, ఒక్కొక్కరికీ విడిగా కూడా పంపాడు. అందరూ లడ్డూ బొమ్మలు పెట్టారు. టెక్కలిలో ఉండే మా పెదనాన్న కూడా రెండు లడ్డూలు పెట్టాడు. ముహూర్తం దగ్గరపడ్డా ఆయన బయలుదేరే సూచన కనిపించలేదని, పిల్ల తండ్రి ఫోను చేసి అడిగాడు.

"పిలుపు అందలేదా, పెదనాన్నా?"

"ఎందుకందనేదు! ఫోనులో పిలిచినావు, ఫోనులోనే అక్షింతలేసీసినాను. ఇంకేటి రావాలి?"

పిల్ల తండ్రి ఆ సాయంత్రమే తాంబూలం పట్టుకుని టెక్కలి బస్సెక్కాడు.